చిన్న మొక్కల చేపల ట్యాంకులో కానిస్టర్ ఫిల్టర్ ధార చాలా జోరుగ ఉన్నది, ఫైటర్ చేప నిలువలేకపోతున్నది – ఎట్ల తగ్గించాలె?

నయీంనగర్ వాలిస్నేరియా (హన్మకొండ)

అందరికి నమస్తే. మళ్ల మళ్ల అడిగే పని లేకుంట వివరాలన్ని ముందే రాస్తున్న.

ట్యాంకు 18 అంగుళాల పొడుగు, 12 వెడల్పు, 12 ఎత్తు. కొలతల ప్రకారం 42 లీటర్లు వస్తయి గని, అడుగున మట్టి, దాని మీద ఇసుక, ఒక డ్రిఫ్ట్‌వుడ్ మొద్దు, రాళ్లు పోను నీళ్లు 35 లీటర్ల దాకనే ఉంటయి. ఫిల్టర్ కానిస్టర్, అంటే ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా; ఒక పైపుతోని నీళ్లు గుంజి, శుభ్రం చేసి, ఇంకో పైపుతోని ట్యాంకులకు పంపుతది. డబ్బా మీద గంటకు 400 లీటర్లు అని రాసి ఉన్నది. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి బదిలీ మీద పోతున్న ఒకాయన రెండు ఫీట్ల ట్యాంకుతోని కలిపి అమ్మిండు. పెద్ద ట్యాంకు తమ్ముని ఇంటికి పోయింది, ఫిల్టర్ నా దగ్గర ఉన్నది.

మొక్కలు: వెనుక వాలిస్నేరియా, కుడి పక్కకు బకోపా, మధ్యల క్రిప్టోకొరైన్, మొద్దుకు కట్టిన అనూబియస్, జావా నాచు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు, మామూలు ఎల్ఈడీ లైటు. జీవాలు: ఎర్ర హాఫ్‌మూన్ ఫైటర్ (పెద్ద తోక ఉన్న బెట్టా చేప) ఒకటి, కొన్ని ఎంబర్ టెట్రాలు (చిన్న చేపలు), చెర్రీ రొయ్యలు.

సమస్య ఏందంటే, నీళ్లు తిరిగి వచ్చే పైపు ఎడమ మూలకు ఉన్నది. అది వంకర తిరిగిన మామూలు పైపు, ఒక్కటే నోరు. అండ్లకెళ్లి వచ్చే ధార నేరుగ కుడి అద్దానికి కొట్టుకొని, కిందికి దిగి, అక్కడ ఇసుకను లేపి మట్టి బయటపడేదాక గుంత చేసింది. బకోపా రోజంత ఊగుతనే ఉంటది, కింది ఆకులు రాలుతున్నయి. అదే ట్యాంకుల వెనుక ఎడమ మూల మాత్రం కదలికే లేదు, ఆకుల చెత్త, రొయ్యల పెంట అంత అక్కడనే పేరుకుంటున్నది. ఒక దిక్కు వరద, ఒక దిక్కు మురుగు.

ఫైటర్ సంగతి ఎక్కువ బాధగ ఉన్నది. నేను జూనియర్ కాలేజీల జువాలజీ చెప్తా కాబట్టి దాని నడవడిక జర శ్రద్ధగనే చూస్తున్న. పొద్దంత మొద్దు వెనుక రెక్కలు ముడుచుకొని ఉంటది. మీదికి వచ్చి గాలి మింగాలంటే ధారకు అడ్డం పడాలె, ఆ తోక తెరచాప తీరు పట్టుకొని కుడి అద్దం దాక కొట్టుకపోతది. మళ్ల ఈదుకుంట వెనుకకు వస్తది. ఆ తర్వాత మొప్పల కదలిక చాలాసేపు వేగంగ ఉంటది. తోక అంచు ఒక దగ్గర చీలింది. మేత వేస్తే తినే లోపల గింజ కొట్టుకపోతది, టెట్రాలు తింటయి.

ఇప్పటిదాక విన్న సలహాలు మూడు. చౌరస్త దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపాయన ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టు, స్పీడు తగ్గుతది అన్నడు. అక్వేరియం షాపుల పిల్లగాడు పొద్దున నాలుగు గంటలు, రాత్రి నాలుగు గంటలు నడిపితే చాలు అన్నడు. కాలేజీల సారు ఒకాయన నీళ్లు గుంజే పైపు కాడ కాక్ సగం మూయమన్నడు. మూడిట్ల ఏదీ ఇంక చెయ్యలేదు, తెలిసినోళ్లను అడిగినంకనే చేద్దామని ఆగిన.

ఇంకో చింత ఉన్నది. మన దగ్గర ఎండకాలం మీకు తెలిసిందే. మే నెలల బయట 43, 44 డిగ్రీలు ఉంటే మా ఇల్లు పై అంతస్తు, ట్యాంకు నీళ్లు 32 దాటుతయి. ఇప్పుడు ధార తగ్గిస్తే అప్పుడు ఊపిరాడక చేపలు ఇబ్బంది పడుతయా? ఫిల్టర్ మార్చకుంట అయ్యే పని ఉంటే చెప్పుండ్రి.

కరీంనగర్ గప్పీలు

అక్కా, 35 లీటర్లకు కానిస్టరే ఎక్కువ. నేనైతే తీసేసి స్పాంజి ఫిల్టర్ పెడుత. చిన్న ఎయిర్ పంపు, ఒక స్పాంజి, ఒక గాలి పైపు, అయిపోయింది. బుడగలు మీదికి పోతయి, నీళ్లు మెల్లగ కదులుతయి, రొయ్య పిల్లలు స్పాంజి మీదనే మేస్తయి. నా దగ్గర గప్పీ ట్యాంకులు అన్నీ గట్లనే నడుస్తున్నయి.

రెండు జాగ్రత్తలు. ఎయిర్ పంపు పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ తప్పకుంట పెట్టాలె, లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనుకకు వచ్చి పంపుల దిగుతయి. గాలి ఎక్కువ అనిపిస్తే పైపును నొక్కి కట్టొద్దు. టీ జాయింట్ పెట్టి ఎక్కువైన గాలిని రెండో నోటి నుంచి బయటికి వదలాలె. నొక్కితే పంపు లోపలి రబ్బరు తొందరగ చినుగుతది.

నయీంనగర్ వాలిస్నేరియా

థాంక్స్ తమ్మీ. నాకు కూడ స్పాంజి ఫిల్టర్ అంటే మంచి అభిప్రాయమే. కాని ట్యాంకు ఉన్నది అమ్మ పండుకునే అర్రల. ఎయిర్ పంపు గుయ్యుమనే సప్పుడుకు ఆమెకు నిద్ర పట్టదు. కానిస్టర్ అసలు సప్పుడే చెయ్యదు, అందుకే దాన్ని ఉంచుకోవాలని చూస్తున్న.

మోటర్ల కాక (పరకాల రోడ్డు)

బిడ్డా, నీ ప్రశ్న పూర్తిగ చదివిన. నేను మోటర్లు రివైండింగ్ చేసేటోన్ని. బాయి మోటర్లు, బోరు మోటర్లు, కూలర్ పంపులు అన్నీ నా చేతుల మీదికెళ్లి పోయినవే. చేపల ట్యాంకు నా మనవరాలి కోసం పెట్టిన, ఇప్పుడు దాని మీద ప్రేమ నాకే ఎక్కువైంది. నీకొచ్చిన మూడు సలహాలు మూడూ వద్దు. ఎందుకు వద్దో చెప్తా, తెలుసుకుంటె తర్వాత నీకే పనికొస్తది.

ఫ్యాన్ రెగ్యులేటర్ ముచ్చట. ఫ్యాన్ మోటర్ వేరు, ఈ ఫిల్టర్ మోటర్ వేరు. ఫ్యాన్‌కు ఓల్టేజి తగ్గిస్తే జారుకుంట మెల్లగ తిరుగుతది. ఫిల్టర్ లోపల ఉన్నది అయస్కాంతం రోటర్. అది కరెంటు 50 సైకిళ్లతోని అడుగులో అడుగు వేసి తిరుగుతది, నిమిషానికి 3000 చుట్లు. తిరిగితే 3000, లేకుంటే ఆగుడే, నడిమిట్ల ఇంకో వేగం దానికి లేదు. ఓల్టేజి తగ్గిస్తే వేగం తగ్గదు, బలం తగ్గుతది. గుర్రుగుర్రుమని వణుకుతది, ఒకసారి కరెంటు పోయి వచ్చినంక మళ్ల ఎత్తుకోదు. నువ్వు కాలేజీల ఉన్నప్పుడు అట్ల ఆగిపోతే కాయిల్ వేడెక్కుతది, డబ్బాల నీళ్లు కదలకుంట మురుగుతయి.

టైం పెట్టి నడుపుడు ఇంక పెద్ద తప్పు. నీళ్లను శుభ్రం చేసే సూక్ష్మజీవులు ఆ డబ్బాల రాళ్ల మీద, స్పాంజిల మీద బతుకుతయి. ఇది నాకంటే నీకే బాగ తెలుసు. కానిస్టర్ మూసిన డబ్బా, నీళ్లు పారుతుంటేనే వాటికి ఆక్సిజన్ అందుతది. ఆపితే కొద్ది గంటలల్ల లోపల ఉన్న ఆక్సిజన్ అయిపోతది. మళ్ల చాలు చేసినప్పుడు ఆ చెడిపోయిన నీళ్లన్నీ ట్యాంకులకే వస్తయి. ఫిల్టర్ 24 గంటలు నడవాలె.

ఇగ గుంజే దిక్కు కాక్ మూసుడు. మన బాయి మోటర్లకు గేట్ వాల్వ్ ఎక్కడ పెడుతరో యాదికి తెచ్చుకో. డెలివరీ పైపుకు పెడుతరు. సక్షన్ దిక్కు గొంతు నొక్కినోడు ఎవడూ లేడు. నొక్కితే ఏమైతది? పంపుకు నీళ్లు చాలవు, నీళ్లల్ల కలిసి ఉన్న గాలి బుడగలై బయటికొస్తది, పంపు లోపలి రెక్కల చక్రం కటకటమని సప్పుడు చేస్తది, గాలి పట్టి నీళ్లు ఎత్తుడు బంద్ అయితది. షాఫ్టుకు నీళ్లే నూనె, అది ఎండితే అరుగుతది. అదే డెలివరీ దిక్కు సగం మూస్తే ఈ పంపుకు ఏ నష్టం లేదు, పైగ లోడు తగ్గుతది. మొత్తం మూసి గంటలకొద్ది పెట్టొద్దు, అంతే. నీ కానిస్టర్‌కు రెండు కాక్‌లు ఉంటయి కదా, ట్యాంకు నుంచి డబ్బాలకు నీళ్లు వచ్చే పైపు కాక్ ముట్టుకోకు. డబ్బా నుంచి ట్యాంకుకు పోయే పైపుదే తిప్పు.

తిప్పే ముందు కొలువు. డబ్బా మీద రాసిన 400 అంటే లోపల ఏమీ లేకుంట, ఎత్తు లేకుంట వచ్చే లెక్క. రాళ్లు, స్పాంజి, పైపు, ఎత్తు అన్నీ కలిసి అది తగ్గుతది. పోయే పైపు నోరు ట్యాంకు అంచు ఎత్తుల పట్టుకొని లీటర్ సీసా నింపు, సెకన్లు లెక్కపెట్టు. 3600ను ఆ సెకన్లతోని భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తది. నీ ట్యాంకుకు నీళ్లు గంటకు నాలుగైదు సార్లు తిరిగితే చాలు. 35 లీటర్లు అంటే 140 నుంచి 175. చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉన్న ట్యాంకు అది, దానికి అంతకంటే అక్కరలేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. నీ ట్యాంకుకు కష్టం తెచ్చింది నీళ్లు ఎక్కువ పారుడు కంటే, అవన్నీ ఒకటే నోట్లకెళ్లి వచ్చుడు. లోపల 12 మి.మీ. ఉన్న పైపు నోటి వైశాల్యం 113 చదరపు మి.మీ. గంటకు 300 లీటర్లు అండ్లకెళ్లి వస్తే సెకనుకు 74 సెంటీమీటర్ల వేగం. అంత లావు ధార ఫీటున్నర ట్యాంకుల ఏం చల్లారుతది? అవతలి అద్దానికి గుద్దుకునేదాక జోరుగనే ఉంటది. అందుకే నీ ఇసుక లేచింది.

స్ప్రే బార్ పెట్టు. ఒక అడ్డం పైపు, చివర మూసి, వరుసగ రంధ్రాలు. అయితే రంధ్రాల లెక్క తెల్వకుంట చేస్తే కష్టం ఎక్కువైతది. 3 మి.మీ. రంధ్రం వైశాల్యం 7 చదరపు మి.మీ. 16 రంధ్రాలు పెడితే మొత్తం 113, అంటే పైపు నోరంత. పది రంధ్రాలే పెట్టినవనుకో, వేగం ముందటి కంటే పెరుగుతది, సూదుల లెక్క కొడుతది. షాపులల్ల దొరికే చిన్న స్ప్రే బార్లు కొన్ని గట్లనే ఉంటయి, కొనే ముందు రంధ్రాలు లెక్కపెట్టుకో. నీకు 24 రంధ్రాలు పెట్టుమంట. 15 మి.మీ. దూరానికి ఒకటి, 14 అంగుళాలల్ల పడుతయి. మొత్తం 170 చదరపు మి.మీ. వేగం మూడోవంతు తగ్గుతది. కాక్ తిప్పి గంటకు 165కు తెచ్చినంక రంధ్రం కాడ వేగం సెకనుకు 27 సెంటీమీటర్లే. పైగ సన్న ధార తొందరగ చస్తది, లావు ధార దూరం పోతది. 3 మి.మీ. ధార నాలుగు అంగుళాలు పోయేసరికి దాదాపు చల్లారిపోతది. ఇంకా ఎక్కువ రంధ్రాలు పెడితే ఇంకా మంచిది కదా అనుకోకు, అప్పుడు అన్నింటికి సమానంగ నీళ్లు రావు, పైపుకు ఒక దిక్కు పోసి ఇంకో దిక్కు ఎండుతది.

సామాను కోసం అక్వేరియం షాపుకు పోకు. డ్రిప్పు సామాన్లు అమ్మే షాపుకు పో. 16 మి.మీ. డ్రిప్పు పైపు, నల్లది, రంధ్రాలు లేనిది ఒక మీటరు. ఒక జాయినర్, ఒక ఎండ్ క్యాప్, ఒక ప్లాస్టిక్ కాక్. కొత్త పైపే తీసుకో, చేన్ల వాడింది వద్దు, అండ్ల ఎరువులు, మందులు పారి ఉంటయి. ఇత్తడి కాక్ చూపిస్తే కూడ వద్దను, రాగి కలిసిన లోహం నీ రొయ్యలకు విషం. పైపు చుట్టల నుంచి వస్తది కాబట్టి వంకరగ ఉంటది, వేడి వేడి నీళ్లల్ల ముంచి తీసి గుంజి పట్టుకుంటే సక్కగైతది. నీ ఫిల్టర్ పైపు జాయినర్ మీద ఎక్కకుంటే దాని కొసను కూడ వేడి నీళ్లల్ల ముంచు, మెత్తబడి ఎక్కుతది. రంధ్రాలు వేసేటప్పుడు పైపు లోపల ఒక కర్ర దూర్చు, బిట్టు అవతలి దిక్కు దిగకుంట ఉంటది. పొట్టు అంత కడిగి పెట్టు.

వెనుక అద్దానికి, నీళ్ల మట్టానికి ఒక అంగుళం కిందికి కట్టు. రంధ్రాలు వెనుక అద్దం దిక్కు తిప్పు. నీళ్లు అద్దానికి తాకి పరుచుకొని మెల్లగ ముందటికి వస్తయి. పోయే దిక్కు కాక్ మూసినప్పుడు డబ్బాల ఒత్తిడి జర పెరుగుతది కాబట్టి మొదటి రాత్రి పైపు జాయింట్ల కింద పాత పేపర్ పరిచి పెట్టు, తడి కనిపిస్తే క్లిప్ బిగియ్యి.

బోడగుట్ట నాచు (హన్మకొండ)

కాక చెప్పిన లెక్క చూసి నా స్ప్రే బార్ రంధ్రాలు నేను కూడ లెక్కపెట్టిన. ఒక్క మాట దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరే. రంధ్రాలు పూర్తిగ అద్దం దిక్కు తిప్పి, అంగుళం కిందికి పెడితే నీటి మీద కదలిక దాదాపు ఉండదు. వారం తిరిగే లోపల మీద నూనె తెట్టు లెక్క పొర కడుతది. రాలిన ఆకులు, మేత నుంచి వచ్చే కొవ్వు, ప్రోటీన్లు అవి. ఆ పొర గాలికి, నీళ్లకు నడుమ అడ్డం పడుతది. ఫైటర్‌కు పర్వాలేదు, మన కొర్రమట్టకు ఉన్నట్టే దానికి గాలి పీల్చే అవయవం వేరే ఉన్నది. టెట్రాలకు, రొయ్యలకు, ఫిల్టర్ల సూక్ష్మజీవులకు నీళ్లల్ల కరిగిన ఆక్సిజన్ ఒక్కటే దిక్కు.

అక్కా, మీరు ఎండకాలం గురించి అడిగింది చాలా సరైన ప్రశ్న. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీలల్ల 7.5, 35 డిగ్రీలల్ల 6.9. వేడి పెరిగితే చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలె, నీళ్లల్లనేమో తక్కువ ఉంటది. రాత్రిపూట మొక్కలు కూడ ఆక్సిజన్ తీసుకునేవే కాని ఇచ్చేవి కావు. అందుకని ఎండకాలంల చేపలు తెల్లారుజామున నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తయి. అప్పుడు కావల్సింది నీటి మీద అలలు. లోపలి జోరు ఎంత తగ్గించినా, పైన మాత్రం సన్నగ వణుకుతనే ఉండాలె. రంధ్రాలను అద్దం దిక్కే ఉంచి, జర మీదికి, 45 డిగ్రీల వాలుకు తిప్పుండ్రి. పైపును నీటి మట్టానికి అర అంగుళం కిందనే పెట్టుండ్రి. నీళ్లు అద్దం ఎక్కి పరుచుకుంట మీద చిన్న అల లేపుతయి, కింద ఫైటర్‌కు తెలియదు.

మీదికి తిప్పితే కార్బన్ డయాక్సైడ్ పోతది కదా అని కొందరు అంటరు. సిలిండర్ పెట్టి ఇచ్చేటోళ్లకు ఆ మాట నిజం. మీరు ఇవ్వడం లేదు. మీ నీళ్లల్ల అది గాలితోని సమానం దాక వచ్చి ఆగుతది, పగటిపూట మొక్కలు వాడుకున్నది గాలి నుంచే మళ్ల నిండుతది. మీకు అలలతోని లాభమే.

మొక్కలను కూడ పనికి పెట్టుండ్రి. వాలిస్నేరియా నదులల్ల, కాలువలల్ల పెరిగే జాతి, ధారను తట్టుకుంటది. ధార ఎక్కువ ఉన్న దిక్కు దాన్ని గుంపుగ పెడితే వెనుక ఉన్నదంత నిమ్మళం. అనూబియస్ కట్టిన మొద్దును జర జరిపి ధారకు అడ్డం పెట్టినా అంతే. తేలే మొక్కలు పెట్టాలనుకుంటే సన్న గాలి పైపును గుండ్రంగ కలిపి, నీటి మీద తేలేసి ఆ చక్రంల ఉంచుండ్రి. లేకుంటే ధార కిందికి పోయి ఆకుల పైభాగం తడిసి కుళ్లుతయి. ఆ చక్రం కిందనే మీ ఫైటర్ నురగ గూడు కట్టే అవకాశం ఎక్కువ.

ఈ చేప పుట్టిల్లు థాయిలాండ్ దిక్కు వరి మళ్లు, లోతు లేని నీటి గుంటలు. 2019ల ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగ ప్రకటించింది. అక్కడి అసలు చేపకు ఇంత తోక ఉండదు. ఆ తోకను మనుషులే ఏరి ఏరి పెంచిండ్రు. దాని బరువు మోసుకుంట ధారకు ఎదురీదుడు దానికి రోజంత శిక్షే. మీరు పట్టించుకొని అడిగినందుకు సంతోషం.

మోటర్ల కాక

పైన తమ్ముడు చెప్పింది నిజమే, జర మీదికి తిప్పుడే మంచిది. నేను ఫైటర్ ఒక్కదాని గురించే ఆలోచించి చెప్పిన, టెట్రాల లెక్క అతను పట్టిండు. ఎండకాలంల నీళ్లు ఆవిరై మట్టం దిగుతది, చూసుకుంట పొయ్యాలె. పైపు బయటపడితే ధార మీదికెళ్లి పడి సప్పుడు చేస్తది, మీ అమ్మకు నిద్ర పాడు.

నయీంనగర్ వాలిస్నేరియా

కాకా, బోడగుట్ట తమ్మీ, ఇద్దరికి చాలా కృతజ్ఞతలు. రెగ్యులేటర్ గురించి ఇంత వివరంగ ఎవరూ చెప్పలేదు. రెండు అడగాలె.

ఒకటి, గుంజే పైపు జాలి కండ్లు పెద్దగ ఉన్నయి, రొయ్య పిల్లలు అండ్లకు పోతున్నయేమో అని అనుమానం. దానికి స్పాంజి తొడిగితే సక్షన్ నొక్కినట్టే అయితదా? రెండు, మా దిక్కు కరెంటు ఒక్కోసారి మధ్యాహ్నం పోతే సాయంత్రానికి గని రాదు. ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే ఉన్నది. కానిస్టర్ ఆగిపోతే ఏం చెయ్యాలె?

మోటర్ల కాక

స్పాంజి తొడుగు బిడ్డా, పెద్ద కండ్ల గరుకు స్పాంజి. సన్నది తొడిగితే రెండు రోజులల్ల మూసుకపోతది, అప్పుడు నువ్వన్నట్టు గొంతు నొక్కినట్టే. గరుకుది, పైపు కంటే లావుగ, మూడు నాలుగు అంగుళాల పొడుగుది అయితే నీళ్లు వచ్చే జాగ చాలా ఎక్కువ ఉంటది, ఏ ఒక్క దగ్గర గుంజుడు బలంగ ఉండదు. రొయ్య పిల్ల దాని మీద నడుచుకుంట మేస్తది. ఫైటర్ తోక కూడ అంటుకోదు. డబ్బాలకు పోయే చెత్త సగం బయటనే ఆగుతది కాబట్టి డబ్బా మాటిమాటికి విప్పే పని తప్పుతది. దాన్ని నల్లా కింద కడగకు, మున్సిపల్ నీళ్లల్ల క్లోరిన్ ఉంటది. నీళ్లు మార్చినప్పుడు తీసిన ట్యాంకు నీళ్లల్లనే పిండు.

కరెంటు ముచ్చట. ఈ ఫిల్టర్ తినేది బల్బంత కూడ కాదు. దాని ప్లగ్గు ఇన్వర్టర్ లైనుకు మార్పించు, ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. ఒకటి చూసుకో: నీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే మోటర్ గుర్రుమంటది, వేడెక్కుతది. సైన్ వేవ్ అయితే ఏ రంది లేదు. ఇన్వర్టర్ మీద పెట్టే వీలు లేకుంటే, మూడు నాలుగు గంటల కంటే ఎక్కువసేపు ఆగినప్పుడు అట్లనే చాలు కానియ్యకు. డబ్బా విప్పి, అండ్ల నీళ్లు పారబోసి, స్పాంజిలను, రాళ్లను ట్యాంకు నీళ్లల్ల ఒకసారి ముంచి తీసి అప్పుడు నడుపు.

కరీంనగర్ గప్పీలు

అక్కా, ఎయిర్ పంపు పూర్తిగ వద్దనకుండ్రి. బ్యాటరీ మీద నడిచేది ఒకటి తెచ్చి అల్మారాల పెట్టుకోండ్రి. మే నెలల కరెంటు పోయిన మధ్యాహ్నం దాని విలువ తెలుస్తది. గా రెండు మూడు గంటల సప్పుడుకు అమ్మ ఏమనదు.

నయీంనగర్ వాలిస్నేరియా

చేసిన, ఫలితం రాస్తున్న. ఎవరికన్న పనికొస్తదని అంకెలతోని సహా ఇస్తున్న.

ముందుగాల కొలిచిన. లీటర్ సీసా 12 సెకన్లల్ల నిండింది, అంటే గంటకు 300 లీటర్లు. డబ్బా మీది 400 కాదు. పోయే దిక్కు కాక్ తిప్పుకుంట పోయి 22 సెకన్ల కాడ ఆపిన, 164 లీటర్లు అయింది. ఆ స్థానానికి కాక్ మీద గోర్ల రంగుతోని గీత పెట్టిన.

డ్రిప్పు పైపు స్టేషన్ రోడ్డు దిక్కు ఒక షాపుల దొరికింది. మీటరు పైపు అంటే ముందు నవ్విండు, ఆయన చుట్టల లెక్కన అమ్ముతడట. ఎందుకో చెప్పినంక కత్తిరించి ఇచ్చిండు, జాయినర్‌కు, క్యాపుకే పైసలు తీసుకున్నడు. నల్ల పైపు వెనుక అద్దం కాడ, వాలిస్నేరియా చాటుకు అసలు కనపడుత లేదు. 24 రంధ్రాలు, 3 మి.మీ. బిట్టు, లోపల చీపురు కట్టె దూర్చి వేసిన. జాయినర్ మీదికి ఫిల్టర్ పైపు ఎక్కుడే కష్టం అయింది, మరిగిన నీళ్లల్ల ముంచితే అప్పుడు దిగింది.

మొదలు కాక చెప్పినట్టు పూర్తిగ అద్దం దిక్కు పెట్టి చూసిన, తర్వాత బోడగుట్ట తమ్ముడు చెప్పిన వాలుకు తిప్పిన. మేతను పొడి చేసి చిటికెడు నీళ్లల్ల వేస్తే కదలిక కండ్లకు కనిపిస్తది. పొడి అద్దం పొంట ఎక్కి, ముందటికి మెల్లగ వచ్చి, ముందటి అద్దం కాడ దిగి, కింది నుంచి వెనుకకు పోతున్నది. ఇన్ని రోజులు చెత్త పేరుకున్న వెనుక ఎడమ మూలల కూడ ఇప్పుడు కదలిక ఉన్నది. జోరు సగం తగ్గితే అక్కడ కదలిక పెరుగుడు చూసి ఆశ్చర్యమైంది. నీళ్లు ట్యాంకు పొడుగునా సమానంగ వస్తున్నయి కాబట్టేమో.

ఇసుక గుంత పూడ్చిన, మళ్ల పడలేదు. బకోపా ఊగుడు ఆగింది. కొసలల్ల కొత్త ఆకులు వస్తున్నయి.

ఫైటర్ మొదటి రోజు మొద్దు వెనుకకెళ్లి బయటికి రాలేదు. రెండో రోజు పొద్దున రెక్కలు మొత్తం విప్పి ముందటి అద్దం పొంట తిరుగుతున్నది, నేను కాలేజీకి ఆలస్యమైనా చూసుకుంట నిలబడ్డ. గాలి మింగడానికి వచ్చి అక్కడనే ఆగి, మళ్ల మెల్లగ దిగుతున్నది. మొప్పల కదలిక మామూలుకు వచ్చింది. తోక చీలిన దగ్గర తెల్లటి సన్న పొర కనపడుతున్నది, కొత్తగ పెరుగుతున్న కణజాలం అది. మేత ఇప్పుడు తనే తింటున్నది, టెట్రాలు ఆగి ఎదురు చూస్తున్నయి.

ఒకటే మిగిలింది. స్పాంజి తొడిగినంక నాలుగైదు రోజులకు స్ప్రే బార్ ధార ఇంకా సన్నబడ్డది. కాక్ జర ఎక్కువ తెరవాల్నా?

మోటర్ల కాక

కాక్ ముట్టకు. నువ్వు గీత పెట్టుకున్నవు కదా, అది అక్కడనే ఉండాలె. ధార సన్నబడ్డదంటే గుంజే దిక్కు స్పాంజి నిండింది, ముందుగాల దాన్ని పిండు. పిండినంక కూడ 22 సెకన్లకు సీసా నిండకుంటే స్ప్రే బార్ క్యాపు తీసి లోపల నాచు పట్టిందేమో చూడు, పాత టూత్ బ్రష్‌తోని గీకు. అప్పటికి కాకుంటే డబ్బా విప్పే టైం వచ్చిందని లెక్క. మే నెల వచ్చినప్పుడు మాత్రం కాక్ జర తెరిచి 18 సెకన్లకు తెచ్చుకో, 200 లీటర్లు అయితయి. ఈ పైపుతోని అంత పారినా నీ ఫైటర్‌కు ఏం కాదు.